మా వాడి పాత ట్రాంబోన్‌కి మూడు వేల డాలర్లు పెట్టొచ్చా?

ప్లేనో (టెక్సాస్) నుంచి ఒక నాన్నగారు రాశారు. వాళ్ల అబ్బాయికి 16 ఏళ్లు, హైస్కూల్ బ్యాండ్‌లో ట్రాంబోన్ (స్లైడ్ అనే గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే ఇత్తడి వాయిద్యం) వాయిస్తాడు, పోయినేడాది 1960ల నాటి కాన్ 88హెచ్ అనే మోడల్ ఒకటి 1,800 డాలర్లకి కొనిచ్చారు. ఇప్పుడు పిల్లాడు ఎడమ చెయ్యి లాగేస్తోంది, సౌండ్ మూసుకుపోయినట్టు వస్తోంది, మౌత్‌పీస్ కూడా కాస్త ఊగుతోంది అంటున్నాడట. రిపేర్ షాప్‌కి తీసుకెళ్తే వాళ్లిచ్చిన ఎస్టిమేట్ ఇదీ: క్లీనింగ్, స్లైడ్ అలైన్‌మెంట్ 250, కొత్త లీడ్‌పైప్ (మౌత్‌పీస్ దూరే మొదటి గొట్టం) 150, పాత రోటర్ (గాలిని అదనపు గొట్టంలోకి మళ్లించే వాల్వ్) తీసేసి దాని బదులు యాక్సియల్ రకం వాల్వ్ పెట్టడానికి 1,700, బెల్ (వెడల్పుగా ఉండే మూతి) కోసి విప్పి బిగించుకునే స్క్రూ బెల్ చెయ్యడానికి 600, లక్కర్ (పైన మెరిసే పూత) మొత్తం తీసెయ్యడానికి 300. టోటల్ 3,000. స్టోర్ కార్డ్ మీద 12 నెలలు వడ్డీ లేదంటున్నారు, అది తీసుకోనా, లేక 529 (పిల్లాడి చదువు కోసం దాచే ఖాతా) లోంచి తియ్యనా, లేక అసలు ఇది అమ్మేసి 5,500 పెట్టి కొత్తది కొననా అని అడిగారు. చివర్లో ఇంకో లైన్, "మా ఆవిడ ఆ పాత ఇత్తడి సామానుకి ఇంకెంత తగలేస్తారు అంటోంది".

అండీ, మీ ఆవిడ గారు సగం కరెక్టే. ఇత్తడి సామానే, కానీ ఇత్తడి గిన్నెకి కళాయి పెట్టించడం వేరు, మూతి కోయించడం వేరు కదా, మీ ఎస్టిమేట్‌లో ఈ రెండు రకాల పనులూ కలిసిపోయి ఉన్నాయి, ముందు వాటిని విడదీద్దాం.

మీ చేతిలో ఉన్నది మామూలు స్టూడెంట్ వాయిద్యం కాదు. కాన్ కంపెనీ ఇండియానాలోని ఎల్క్‌హార్ట్‌లో చేసిన 88హెచ్‌లంటే వాయించేవాళ్లకి ఒక గురి, 1970ల మొదట్లో తయారీని మీ టెక్సాస్‌లోనే అబిలీన్‌కి మార్చారు, ఆ తర్వాత వచ్చినవాటికి మార్కెట్‌లో అంత రేటు పలకదు. బెల్ మీద చెక్కినదాంట్లో ఎల్క్‌హార్ట్ అని ఉందో లేదో చూడండి, సీరియల్ నంబర్ కూడా ఫోటో తీసి పెట్టుకోండి. ఉంటే మీరు పెట్టిన 1,800 ఎక్కడికీ పోలేదు, ఒరిజినల్‌గా ఉంచినంత కాలం మూడేళ్ల తర్వాత అమ్మినా దాదాపు అంతే వచ్చే వస్తువు అది. కానీ దానిమీద పెట్టే 3,000 మాత్రం తిరిగి రాదు. పాత బుల్లెట్ కొనేవాడు మొదట అడిగేది ఒరిజినల్ పార్ట్స్ ఉన్నాయా అనే కదా, ఇక్కడా అంతే. కోసిన బెల్, మార్చిన వాల్వ్ ఉన్న హార్న్ (బ్యాండ్ వాళ్లు ట్రాంబోన్‌ని ఇలాగే అంటారు) నచ్చి కొనేవాళ్లు ఉంటారు గానీ మీరు షాప్‌కి కట్టిన డబ్బు మొత్తం ఎవరూ ఇవ్వరు. అందుకే దీన్ని ఇన్వెస్ట్‌మెంట్ కాలమ్‌లో రాయకండి, ఖర్చు కాలమ్‌లో రాయండి.

ఇప్పుడు మీవాడి కంప్లైంట్లకీ ఆ ఎస్టిమేట్‌కీ పొంతన ఉందా అని చూస్తే నాకు నవ్వొచ్చింది. చెయ్యి లాగుతోంది అన్నాడు కదా, యాక్సియల్ వాల్వ్ మామూలుగా పాత రోటర్ కన్నా బరువు, అసలే ఎఫ్ అటాచ్‌మెంట్ (బొటనవేలి ట్రిగ్గర్ నొక్కితే గాలి మళ్లే ఆ అదనపు గొట్టం) ఉన్న ట్రాంబోన్ రెండు కేజీల దగ్గర ఉంటుంది, ఆ బరువంతా మోసేది ఎడమ చెయ్యే, అంటే నొప్పి తగ్గడానికి 1,700 పెట్టి బరువు పెంచుకుంటున్నామన్నమాట. ఆ వాల్వ్ చెడ్డదని కాదు, దాంట్లో గాలి తక్కువ వంపులతో పోతుంది, ట్రిగ్గర్ నోట్లు తెరుచుకున్నట్టు వస్తాయి, ఆర్కెస్ట్రాల్లో చాలామంది ఇష్టపడి వాడతారు. కానీ మీవాడి సమస్య అది కాదు.

సౌండ్ సంగతికొస్తే, మౌత్‌పీస్ ఊగుతోంది అని మీరు చివర్లో చిన్నగా రాసిన మాట దగ్గరే నా అనుమానం. ఆ కాలం 88హెచ్‌లకి మౌత్‌పీస్ దూరే చోట రెమింగ్టన్ టేపర్ అని వేరే కొలత ఉంటుంది, ఇప్పుడు షాపుల్లో దొరికే మామూలు లార్జ్ షాంక్ (షాంక్ అంటే లోపలికి దూరే కాడ) మౌత్‌పీస్ అందులో సరిగ్గా కూర్చోదు, ఊగుతుంది, దాంతో సౌండూ శ్రుతీ రెండూ తేడా కొడతాయి. రెమింగ్టన్ షాంక్‌తో మౌత్‌పీస్‌లు ఇప్పటికీ అమ్ముతున్నారు, వంద డాలర్ల చుట్టుపక్కల అయిపోతుంది, ముందు అదొకటి తెప్పించి లేదా టీచర్ దగ్గర అడిగి తెచ్చి రెండు వారాలు వాయించి చూడమనండి. లీడ్‌పైప్ మార్చినా ఈ సమస్య పోతుంది, కానీ పాతది టంకంతో అతికించి ఉంటుంది కాబట్టి బయటికి లాగేటప్పుడు పాడయ్యే ఛాన్స్ ఉంది, అందుకే అది రెండో మెట్టు.

స్లైడ్ అలైన్‌మెంట్, క్లీనింగ్ మాత్రం కళ్లు మూసుకుని చేయించండి. ట్రాంబోన్‌లో సగం సుఖం స్లైడ్‌లోనే ఉంది, లోపలి గొట్టాలు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే పిల్లాడు తెలియకుండానే గట్టిగా పట్టుకుని లాగుతాడు, దాంతో మణికట్టు, భుజం, మెడ అన్నీ బిగుసుకుంటాయి. అలాగే రోటర్‌లో గాలి లీక్ అవుతోందా, గొట్టాల మీద గులాబీ రంగు మచ్చలు ఏమైనా ఉన్నాయా అని కూడా చూడమనండి, ఆ మచ్చలంటే లోపల్నుంచి ఇత్తడి తినుకుపోతోందని అర్థం, అవి చాలా ఉంటే ఈ హార్న్ మీద ఇంకేమీ పెట్టొద్దు.

చేతి నొప్పికి అయితే ఎడమ చేతికి లెదర్ గ్రిప్ స్ట్రాప్, హార్న్ ముందుకి వాలిపోతుంటే వెనక చిన్న కౌంటర్‌వెయిట్, ఇంకా కావాలంటే హార్న్ బరువుని కుర్చీ మీదకి దించే సపోర్ట్ రాడ్. వీటిలో దేనికీ కోత లేదు, నచ్చకపోతే ఊడదీసి అమ్ముకోవచ్చు. బొటనవేలికి ట్రిగ్గర్ అందకపోతే లివర్‌ని కాస్త వంచి ఇస్తారు, చిన్న పని. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే మాత్రం షాప్‌కి కాదు, ముందు డాక్టర్ దగ్గరికి. స్క్రూ బెల్, లక్కర్ తియ్యడం రెండూ కొట్టెయ్యండి, విమానాల్లో తిరిగే ప్రొఫెషనల్‌కి స్క్రూ బెల్ పనికొస్తుంది, స్కూల్ బస్సెక్కే పిల్లాడికి ఎందుకు.

అలా చూస్తే 250 షాప్‌కి, 100 మౌత్‌పీస్‌కి, ఇంకో 150 స్ట్రాప్, వెయిట్‌కి, మొత్తం 500. దీనికి కార్డూ వద్దు, 529 కూడా వద్దు.

ఎందుకంటే ఆ స్టోర్ కార్డ్ "వడ్డీ లేదు" అన్నది చాలాచోట్ల డిఫర్డ్ ఇంట్రెస్ట్, అంటే 12 నెలల్లో పూర్తిగా కట్టకుండా చివర్లో 50 డాలర్లు మిగిలినా సరే మొదటి రోజు నుంచీ పేరుకున్న వడ్డీ అంతా ఒకేసారి వేస్తారు, అదీ 20 శాతం పైన. సంతకం పెట్టే ముందు ఆ మాట ఉందేమో వెతకండి. 529 లోంచి క్వాలిఫై కాని ఖర్చుకి తీస్తే వచ్చిన లాభం మీద ఇన్‌కమ్ ట్యాక్స్, పైన 10 శాతం పెనాల్టీ, మీ కేసు క్వాలిఫై అవుతుందని నేనైతే లెక్కేసుకోను. పైగా మీరే రాశారు, ఇంకా హెచ్1బీ మీదే ఉన్నాం, చేతిలో రెండున్నర నెలల ఖర్చు మాత్రమే ఉందని. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి మీకున్న గడువు మహా అయితే 60 రోజులు అండీ. ఆ రెండున్నర నెలలు ఆరు నెలలు అయ్యేదాకా కొత్త ట్రాంబోన్‌కి 5,500 అన్న ఆలోచన పక్కన పెట్టండి, మిగిలిన 2,500 సేవింగ్స్‌లోనే ఉండనివ్వండి. వాడు ఇంజనీరింగే చదువుతాను అంటున్నాడు అన్నారు, అక్కడ కూడా మ్యూజిక్ మేజర్ కానివాళ్లకి బ్యాండ్‌లు ఉంటాయి, ఇదే హార్న్ పట్టుకెళ్తాడు. ఒకవేళ మనసు మారి మ్యూజిక్ మేజర్ అంటే అప్పుడు ఆ ప్రొఫెసర్ ఏ వాల్వ్ చెప్తే అది పెట్టించుకోవచ్చు, ఇప్పుడు కోయించుకుంటే మళ్లీ అతికించలేం.

ఇంకోటి, మీ హోమ్ ఇన్సూరెన్స్ డిడక్టబుల్ (క్లెయిమ్‌లో ముందు మన జేబులోంచి పోయే మొత్తం) చూడండి, టెక్సాస్‌లో చాలామందికి అది ఇంటి విలువలో 1 శాతం ఉంటుంది, అంటే హార్న్ ఖరీదు కన్నా అదే ఎక్కువ, హార్న్ పోయినా పైసా రాదు. దీన్ని పాలసీలో విడిగా షెడ్యూల్ చేయించండి, అంటే పేరు పెట్టి రాయించండి, మామూలుగా దానికి డిడక్టబుల్ ఉండదు, సీరియల్ నంబర్ ఫోటో అడిగేది కూడా ఇక్కడే.

షాప్ అపాయింట్‌మెంట్ మాత్రం బడి మూసేలోపే తీసుకోండి, వేసవిలో స్కూళ్ల వాయిద్యాలన్నీ ఒకేసారి వచ్చి పడతాయి, ఆగస్టులో మార్చింగ్ బ్యాండ్ మొదలయ్యేదాకా మీ హార్న్ అక్కడే క్యూలో ఉండిపోతుంది.