బ్యాంకాక్‌లో ఆటలకు అప్పు చేసే ముందు మినహాయింపుల పేజీ చదవండి

ప్రశ్న: నా వయసు 31. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. నెలకు 58,000 రూపాయలు చేతికి వస్తుంది, ఖర్చులు 42,000. పొదుపు ఖాతాలో 70,000 ఉన్నాయి. డిసెంబరులో నేనూ నా భార్యా ఆరు రోజులు బ్యాంకాక్ వెళ్లి, ముయే థాయ్ (చేతులతో, కాళ్లతో కొట్టుకునే థాయ్ పోరాట క్రీడ) శిక్షణ తీసుకుని, అద్దె స్కూటర్ మీద తిరిగి, పట్టాయాలో జెట్ స్కీ నడపాలనుకుంటున్నాం. ఇందుకు 16 శాతం వడ్డీకి, రెండేళ్ల గడువుతో 1,50,000 వ్యక్తిగత రుణం మంజూరైంది. ఆఫీసు ఆరోగ్య బీమా 3 లక్షలకు ఉంది. విమాన టికెట్‌తో పాటు తక్కువ ధరకు ఇచ్చే ప్రయాణ బీమా సరిపోతుందా?

జవాబు: సరిపోదు. చాలామంది చేసే పొరపాటే మీరూ చేస్తున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఆటలకు ఎంత ఖర్చవుతుందో లెక్క వేసుకున్నారు గానీ, ఆ ఆటల్లో దెబ్బ తగిలితే ఎవరు కడతారో చూసుకోలేదు. ఆఫీసు ఆరోగ్య బీమా సాధారణంగా మన దేశం దాటితే పనిచేయదు. టికెట్‌తో వచ్చే చౌక పాలసీలు ఎక్కువగా సామాను పోవడం, విమానం ఆలస్యం కావడం, ఆకస్మిక అనారోగ్యం వంటి వాటికి ఉద్దేశించినవి. మినహాయింపుల పేజీ, అంటే బీమా వర్తించనివాటి జాబితా, తెరిస్తే సాహస క్రీడలు, శరీరానికి శరీరం తగిలే పోరాట క్రీడలు అక్కడే కనిపిస్తాయి. శిక్షకుడు పట్టుకున్న ప్యాడ్‌ను గురి తప్పి తన్ని, మోకాలి కింది ఎముక చిట్లితే, ప్రైవేటు ఆసుపత్రిలో ముందుగా డిపాజిట్ కట్టమని అడిగినప్పుడు మీ 70,000 ఎంతసేపు నిలుస్తుంది?

స్కూటర్ విషయం ఇంకా ప్రమాదకరం. థాయ్‌లాండ్‌లో నడపాలంటే ద్విచక్ర వాహనానికి వర్తించే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మీ దగ్గర ఉండాలి. దాన్ని ఇక్కడి రవాణా శాఖ కార్యాలయం ఇస్తుంది. మీకు కారు లైసెన్సు మాత్రమే ఉంటే ఆ పర్మిట్ స్కూటర్‌కు చెల్లదు. అద్దె దుకాణం లైసెన్సు అడగకుండా తాళం ఇచ్చినంత మాత్రాన బీమా కంపెనీ అడగకుండా ఉండదు. చట్టవిరుద్ధంగా వాహనం నడిపినప్పుడు జరిగిన ప్రమాదానికి క్లెయిమ్ తిరస్కరించడం మామూలే. దయచేసి ఆ స్కూటర్ ఆలోచన మానుకోండి.

ఇక అప్పు సంగతి. మీ రుణానికి నెలకు సుమారు 7,340 రూపాయల వాయిదా, మొత్తం మీద 26,000కు పైగా వడ్డీ పడుతుంది. అత్యవసర నిధి రెండు నెలల ఖర్చులకైనా చాలని ఇంట్లో, ఆరు రోజుల విహారం కోసం రెండేళ్లు వాయిదాలు కట్టడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను. రుణం మంజూరైందంటే మీకు అది భరించే స్తోమత ఉందని అర్థం కాదు. దాన్ని వద్దనండి. ఖర్చులు పోగా మిగిలే 16,000లో నెలకు 10,000 చొప్పున రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే వచ్చే ఏడాదికి 1,20,000 అసలే చేతికొస్తుంది. మిగిలిన 6,000 అత్యవసర నిధికి, మీ ఇద్దరికీ సొంత ఆరోగ్య పాలసీకి మళ్లించండి.

అప్పటి ప్రయాణానికైనా ఆటలను బీమాకు అనుగుణంగా ఎంచుకోండి. బ్యాంకాక్‌లోని లుంఫినీ పార్కులో పరుగుకు పైసా ఖర్చు లేదు. సాయంత్రం ఆరింటికి జాతీయ గీతం వినిపించగానే పరుగెత్తేవారంతా ఉన్నచోటే నిలబడిపోవడం చూడవలసిన దృశ్యం. అక్కడి నుంచి వంతెన మీదుగా బెంజకిత్తి పార్కుకు నడిచి వెళ్లవచ్చు. చావో ఫ్రాయా నది దాటి బాంగ్ క్రచావోలో అద్దె సైకిళ్ల మీద తిరగవచ్చు. ముయే థాయ్ మీద అంత ఇష్టముంటే, 1945లో మొదలైన రాజదమ్నెర్న్ స్టేడియంలో టికెట్ కొని పోటీలు చూడండి. జెట్ స్కీని నేనైతే వదిలేస్తాను.

శిక్షణ తీసుకునే తీరాలనుకుంటే, సాహస క్రీడల అదనపు కవర్ ఉన్న పాలసీ తీసుకుని, ముయే థాయ్ శిక్షణలో తగిలే గాయాలు అందులోకి వస్తాయా అని కంపెనీకి ఈమెయిల్ రాయండి. ఏజెంటు నోటిమాటను నమ్మకండి. రాతపూర్వకంగా వచ్చిన జవాబునూ, కంపెనీ విదేశీ సహాయ కేంద్రం నంబరునూ కాగితం మీద ముద్రించి ఒక ప్రతి మీ దగ్గర, మరొకటి మీ భార్య సంచిలో ఉంచండి, ఎందుకంటే దెబ్బ తగిలిన రోజున ఆ ఫోన్ చేయవలసింది ఆవిడే.