పుదుచ్చేరిలోని ‘గోల్కొండ’ భవనం ఎవరు కట్టారు? ఏసీ లేకుండా ఎలా చల్లగా ఉంటుంది?

ఆర్కిటెక్ట్ ఆంటోనిన్ రేమండ్. 1888లో బొహీమియాలో (నేటి చెక్ దేశంలో) పుట్టి, అమెరికా పౌరుడై, 1919లో అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ కడుతున్న ఇంపీరియల్ హోటల్ పని మీద టోక్యో వెళ్లి, అక్కడే సొంత ఆఫీసు పెట్టుకున్నాడు. భార్య నొయెమీ ఫ్రాన్స్‌లో పుట్టిన డిజైనర్. అరవిందాశ్రమం వసతిగృహమైన ఈ భవనానికి హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయలు ఇప్పించారు. ఆ పేరు అందుకే.

ఇక చల్లదనం. భవనం పొడవు తూర్పు పడమరలుగా ఉంటుంది కాబట్టి ఉదయం, సాయంత్రం ఎండ తగిలేది ఇరుకు గోడలకే. ఉత్తర దక్షిణాల్లో గాజు కిటికీల బదులు తిప్పుకునే ఆస్బెస్టాస్ సిమెంటు పలకలు వరుసగా ఉంటాయి. వాలుగా తిప్పితే ఎండ, వాన లోపలికి రావు, గాలి మాత్రం ఆడుతుంది. గది తలుపులు కూడా సందులున్న టేకు చెక్కలవే. తలుపు మూసినా గాలి అటు నుంచి ఇటు పారుతుంది. అసలు తెలివంతా ఇక్కడే ఉంది. శ్లాబు మీద వంపు కాంక్రీటు పెంకులు పరిచి మధ్యలో ఖాళీ వదిలారు, పైవేడి గదిలోకి దిగదు. బిగింపులు ఇత్తడివి. సముద్రపు గాలికి ఇనుమైతే తుప్పు పట్టి పలకలు తిరగవు. నేలకు మన కడప నల్లరాయి.

ఇది చూసి ఒక్క వైపే పలకలు పెట్టించుకుంటే లాభం లేదు. గాలికి బయటికి పోయే దారి ఉండాలి.