నాలుగు గంతులు వేసిన రాయి

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకుని, 'అక్క' అన్న మాట వచ్చిన చోటల్లా కింద గీత గీస్తూ పోయాను. 17 గీతలు పడ్డాయి. మీవారి ప్రస్తావన 9 చోట్ల ఉంది. అందులో ఆరు మీ బావగారితో పోలికలే.

మిగతా పాఠకుల కోసం ఉత్తరంలోని సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈమెకి 31 ఏళ్ళు. పెళ్ళై ఐదేళ్ళయింది. భార్యాభర్తలిద్దరిదీ పాఠాలు చెప్పే ఉద్యోగమే కాబట్టి వసంతకాలం సెలవులు ఇద్దరికీ ఒకేసారి వస్తాయి. ఈసారి తొమ్మిది రోజులు. "నిరుడు ఇవే సెలవుల్లో నాలుగు రోజులు బయటికి వెళ్ళాం. నాలుగు రోజులూ గొడవపడే ఇంటికొచ్చాం. మా అక్కా బావా ఎక్కడికెళ్ళినా ఎంత సరదాగా ఉంటారో! వాళ్ళు వెళ్ళిన చోట్లకే మేమూ వెళ్ళాం. మా ఆయనకి మాత్రం సరదా అంటే ఏమిటో తెలియదు. ఫొటోకి కూడా నవ్వరు. అక్క ఆ ఫొటో చూసి 'మరిది మొహం ఏంటే అలా ఉంది, బలవంతాన లాక్కెళ్ళావా' అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఈసారి ఆయన కూడా ఎంజాయ్ చేసేలా ఏ రోజు ఎక్కడికి వెళ్ళాలో, ఏం చేయాలో ఒక ప్రోగ్రాం రాసివ్వండి" అని అడిగారు.

రాసివ్వనమ్మా. రాసిచ్చినా మీకు పనికిరాదు. పార్కుకి వెళ్ళాలా, కొండెక్కాలా, సైకిళ్ళు తొక్కాలా అన్నది మీ సమస్యే కాదు. నిరుడు మీరు బయటికి వెళ్ళిన నాలుగు రోజుల్లో ఒక్కరోజు కూడా మీరిద్దరే వెళ్ళలేదు. మీతోపాటు మీ అక్క వచ్చింది. ఫోన్‌లో వచ్చింది. ఎక్కడికి వెళ్ళాలో ఆవిడ పాత ఫొటోలు చెప్పాయి. ఎలా నవ్వాలో మీ బావగారి మొహం చెప్పింది. ఆఖరికి ఆ రోజు బాగా గడిచిందో లేదో కూడా ఆవిడ పెట్టే మెసేజ్‌ని బట్టే మీరు తేల్చుకున్నారు.

మీ ఉత్తరం మూడో పేజీలో ఒక సంగతి ఉంది. మీరు దాన్ని ఫిర్యాదుగా రాశారు, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. "చెరువు గట్టు మీద చిన్నపిల్లాడిలా పెంకులు ఏరుకుని నీళ్ళలోకి విసురుతూ కూర్చున్నారు. ఇదిగో చూడు, నాలుగు గంతులు వేసింది అని అరిచారు. నేను అప్పుడు అక్కతో వీడియో కాల్‌లో ఉన్నాను. ఆ తర్వాత సాయంత్రం దాకా ముభావంగానే ఉన్నారు. కారణం అడిగితే చెప్పరు."

కారణం చెప్పేశారు కదమ్మా. సరదా అంటే తెలియని మనిషి బల్లపరుపుగా ఉన్న పెంకు కోసం గట్టంతా వెతకడు. చెయ్యి వాల్చి, నడుం వంచి, నీళ్ళకి సమంగా విసిరితే తప్ప అది నాలుగుసార్లు ఎగరదు. ఎన్నిసార్లు మునిగాక ఆ ఒక్కటి ఎగిరిందో! ఎగరగానే ఆయనకి మొదట గుర్తొచ్చింది మీరు. "ఇదిగో చూడు" అన్నారు. మీరు చూడలేదు.

జాన్ గాట్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జంటల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. కొత్తగా పెళ్ళైన వాళ్ళను గమనించి, ఆరేళ్ళ తర్వాత ఎవరు కలిసున్నారో ఎవరు విడిపోయారో చూశారు. ఆయన లెక్కపెట్టినవి పెద్ద పెద్ద తగాదాలు కావు. "ఆ పిట్టని చూడు" లాంటి చిన్న పిలుపులు. కలిసి ఉన్న జంటలు అలాంటి పిలుపులకి వందలో 86 సార్లు పలికారు. విడిపోయిన వాళ్ళు 33 సార్లే పలికారు. మిమ్మల్ని భయపెట్టాలని ఈ అంకెలు చెప్పడం లేదు. "ఇదిగో చూడు" అన్నది ఎంత పెద్ద మాటో తెలియాలని చెబుతున్నాను.

మీ అక్క మీద నాకు కోపం లేదు. మీరు పదో తరగతిలో ఉండగా అమ్మ పోతే, అప్పటికి డిగ్రీ కూడా పూర్తికాని పిల్ల మీకు జడలు వేసి బడికి పంపింది. ఫీజులు కట్టింది. మీ పెళ్ళి పనులు నెత్తిన వేసుకుంది. ఆ రుణం మామూలుది కాదు. రేపు ఆవిడకి ఒంట్లో బాగాలేకపోతే మీరు సెలవులన్నీ రద్దు చేసుకుని వెళ్ళి కూర్చోవాలి. అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ రుణం మీ కాపురాన్ని రోజూ ఆవిడ ముందు పరిచి తీర్చేది కాదు. ఆవిడ మిమ్మల్ని పెంచింది మీరు మీ ఇంట్లో మీ కాళ్ళ మీద నిలబడాలనే కదా.

నా సంగతి ఒకటి చెబుతాను. పెళ్ళైన కొత్తలో ఆయన గురించి ప్రతిదీ మా అమ్మకి చెప్పేదాన్ని. చెడుగా కాదు, మురిపెంగానే. ఒకసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు మా పిన్ని అందరి ముందూ "ఏం నాయనా, కాస్త జ్వరమొస్తే చాలు రాత్రంతా మూలుగుతావటగా" అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఆ తర్వాత చాలా కాలం ఒంట్లో బాగాలేకపోతే నాకు చెప్పడం మానేశారు. ఒక రాత్రి నిద్రలో చెయ్యి తగిలితే ఒళ్ళు కాలిపోతోంది. లేపి అడిగితే "ఏం లేదు, పడుకో" అన్నారు. పుట్టింట్లో ఒక్క మాట జారినందుకు నేను పోగొట్టుకున్నది ఆయన నా దగ్గర మూలిగే చనువు. అది తిరిగి రావడానికి ఏళ్ళు పట్టింది. మీ ఉత్తరంలో "మరిది మొహం" అన్న చోట నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది.

అల్లుళ్ళిద్దరున్న ఇంట్లో తోడల్లుడితో పోలిక ఎలా గుచ్చుకుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బయటివాళ్ళు పోల్చినా మగవాడు దులిపేసుకుంటాడు. కట్టుకున్న భార్యే "బావగారిని చూసి నేర్చుకోండి" అంటే ఎక్కడికి పోతాడు? ఆ మాట మీరు నిరుడు రెండుసార్లు అన్నానని మీరే రాశారు. ఈ విషయంలో నా అభిప్రాయం మెత్తగా చెప్పలేను. పుట్టింటి వాళ్ళ ముందు భర్త మర్యాద భార్య చేతిలో ఉంటుంది, అత్తింటి వాళ్ళ ముందు భార్య మర్యాద భర్త చేతిలో ఉంటుంది. మీవారు గనక వాళ్ళ అక్కకి మీ ఫొటో పంపి, ఆవిడ "మరదలి మొహం ఏంట్రా అలా ఉంది" అంటే, తెచ్చి ఆ మాట మీకు చదివి వినిపిస్తే మీరు ఊరుకుంటారా?

ఫొటోలు మానేయమనను. ఫొటో తీయడంలో తప్పేమీ లేదు, తీసేటప్పుడు మనం ఎదురుగా ఉన్నదాన్ని ఇంకాస్త శ్రద్ధగా చూస్తాం కూడా. ఎవరి కోసం తీస్తున్నామన్న దగ్గరే తేడా వస్తుంది. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో, తాము దాచుకోవడానికి ఫొటోలు తీసుకున్న వాళ్ళకంటే నలుగురికీ పెట్టడానికి తీసిన వాళ్ళు ఆ అనుభవాన్ని తక్కువగా ఆస్వాదించారని తేలింది. చూసేవాళ్ళు ఏమనుకుంటారో అన్న టెన్షన్ మధ్యలో దూరిపోతుందట. మీ సంగతి అంతకంటే తేలిగ్గా అర్థమవుతుంది. ఎండ మొహాన కొడుతుంటే ఒక మనిషిని అదే చోట ఏడుసార్లు నిలబెట్టి "ఇంకాస్త నవ్వండి" అంటే ఎవరికి నవ్వొస్తుంది?

మీవారి తప్పు లేదనను. కోపం వస్తే కోపం వచ్చిందని చెప్పాలి. సాయంత్రం దాకా మూతి ముడుచుకుని కూర్చుంటే ఎదుటి మనిషికి ఎలా తెలుస్తుంది? ఆ మాట ఆయన ఉత్తరం రాస్తే ఆయనకి చెబుతాను. రాసింది మీరు.

ఇక సెలవుల సంగతి. ప్రోగ్రాం ఇవ్వనన్నాను గానీ, మీ నాలుగు గొడవలూ ఏ వేళలో జరిగాయో చూస్తే ఒక విషయం కనిపించింది. నాలుగూ మధ్యాహ్నం రెండుకీ నాలుక్కీ మధ్య మొదలైనవే. అక్కావాళ్ళు చూసిన మూడు చోట్లూ ఒక్కరోజులో చూసేయాలని పొద్దున్న నుంచి తిరిగారు. తిండి వేళ దాటిపోయింది. మంచినీళ్ళ సీసా ఎప్పుడో ఖాళీ అయింది. వసంతకాలం ఎండ మనిషిని మోసం చేస్తుంది. గాలి చల్లగా తగులుతుంటే ఎండ లేదనుకుంటాం. కానీ చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాలకి గాలి వేడితో సంబంధం లేదు, సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడన్నదే లెక్క. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే ఎండ గట్టిదని గుర్తు. అప్పుడు చెట్టు కిందికి చేరండి. టోపీ పెట్టుకోండి. సన్‌స్క్రీన్ రాసుకుంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకోండి. దాహంతో, ఆకలితో, తలనొప్పితో ఉన్న ఇద్దరు మనుషులు ఎంత ప్రేమగలవాళ్ళైనా పోట్లాడుకుంటారు.

కాబట్టి రోజుకి ఒక్క చోటు చాలు. పొద్దున్నే బయల్దేరండి. ఈ కాలంలో పక్షులు గూళ్ళు కట్టుకుంటాయి, తెల్లవారుతుండగా వాటి కూతలు వినాలి, పదింటికి వెళ్తే ఏముంటుంది? నీడలు పొట్టి కాకముందే ఇంటికొచ్చి, తిని, హాయిగా ఓ కునుకు తీయండి. తొమ్మిది రోజులకి తొమ్మిది షికార్లు అక్కర్లేదు. మూడు చాలు. ఒక రోజు ఆయన్ని ఆయన మానాన వదిలేయండి, ఆ రోజు మీకూ మీ సొంతం.

అక్కావాళ్ళు వెళ్ళిన చోటికి మాత్రం ఈసారి వెళ్ళకండి. ఆ చోట్లు గొప్పవే కావచ్చు, కానీ వాటిని మీరు ముందే ఫొటోల్లో చూసేశారు. అక్కడ మీకు దొరికేది పోలికే. ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. దంపతుల చేతులూ కాళ్ళూ జతగా కట్టేసి, చేతులు వాడకుండా ఒక దిండును ఇద్దరి మధ్యా పట్టుకుని పరుపుల మీద పాకుతూ వెళ్ళమన్నారు. ఏడే నిమిషాల పని. అలాంటి కొత్త పని కలిసి చేసిన జంటలకి, మామూలు పని చేసిన వాళ్ళకంటే, తమ బంధం మీద తృప్తి పెరిగింది. మీరు పాకక్కర్లేదు. ఇద్దరికీ రాని పని ఏదైనా ఒకటి పట్టుకోండి. గాలిపటం ఎగరేయండి. గాలిపటం అసలు ఇద్దరి పని. ఒకరు దూరంగా పట్టుకుని నిలబడాలి, ఒకరు దారం పట్టుకుని గాలి కోసం చూడాలి, "వదులు" అనగానే వదలాలి. మొదటి పదిసార్లు కింద పడుతుంది. ఆ పదిసార్లూ మీరిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడక తప్పదు, దారం చేతిలో ఉంటే ఫోన్ పట్టుకోవడానికి వీలుండదు.

బయల్దేరే ముందు రెండు పనులు ఉన్నాయి. అక్కకి మీరే ఫోన్ చేసి, "అక్కా, ఈ తొమ్మిది రోజులూ రాత్రి ఒక్కసారే మాట్లాడతాను. ఫొటోలు సెలవులయ్యాక మీ ఇంటికొచ్చి చూపిస్తాను" అని చెప్పండి. 'ఆయనకి ఇష్టం లేదు' అన్న మాట మాత్రం నోట రానివ్వకండి. నేనే అనుకున్నాను అని చెప్పండి, అది నిజం కూడా కావాలి. ఆవిడ ఒకటి రెండు రోజులు చిన్నబుచ్చుకోవచ్చు. చిన్నబుచ్చుకోనివ్వండి. మిమ్మల్ని పెంచిన మనిషి, మీ మీద ఎక్కువ రోజులు అలగలేదు.

రెండోది, మొదటి రోజు ఎక్కడికి వెళ్దామని మీవారినే అడగండి. "నీ ఇష్టం" అంటారు, ఐదేళ్ళ అలవాటు. అక్కడితో వదిలేయకండి. ఆ చెరువు పేరు చెప్పి, పెంకు అలా ఎగరాలంటే చెయ్యి ఎలా వంచాలో నేర్పమని అడగండి.