మీ పాపకి కూడికలు వస్తాయి, కథ లెక్కలే (వర్డ్ ప్రాబ్లమ్స్) రావట్లేదు అన్నారుగా

మూడో క్లాస్ పాప 12+5 టక్కున చెప్పి అవే అంకెలు కథలా ఇస్తే బిక్కమొహం వేస్తోందంటే చిక్కు చాలావరకు లెక్కలో కాదండీ, ఆ కథ రాసిన ఇంగ్లీష్‌లో ఉంది. 'మోర్' కనపడితే చాలు కలిపేస్తారు, మావాడూ అంతే.

1. పెన్సిల్ పక్కన పెట్టించి లెక్క చదివించండి.

2. అందరూ వదిలేసేది ఇదే: అంకెల జోలికి వెళ్ళకముందే కథంతా తెలుగులో తన మాటల్లో చెప్పించాలి. 'రవి దగ్గర 12 మామిడికాయలు, సీత కంటే 5 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని?' అని లెక్క ఉంటే, మరి ఎవరి దగ్గర తక్కువ? అని అడిగి ఆగండి, సీత అని తనే అన్నాక 17 రాయదు, 7 రాస్తుంది. తొందరపడి మీరు చెప్పేయొద్దు ప్లీజ్.

3. తడబడితే చింతగింజలు రెండు వరసలు పేర్చి చూపించండి.

4. చపాతీలు వడ్డించేటప్పుడు 'నాన్నకి నీకంటే ఎన్ని ఎక్కువ?' అని అడుగుతుండండి.