పూల మధ్యే బతుకుతూ మళ్ళీ పూలు చూడ్డానికి అంత దూరమా అంటున్నారు

ప్రశ్న: మాది కడియం దగ్గర ఒక ఊరు. నా వయసు యాభై రెండు. మాకు నర్సరీ ఉంది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ సంచుల్లో మట్టి నింపడం, మొక్కలు తడపడం, కూలీలకు భోజనాలు చూడటం, ఇదే నా లోకం. అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. అబ్బాయి వాళ్ళ నాన్నతో పాటు నర్సరీ చూసుకుంటున్నాడు. అమ్మాయి రెండు కాన్పులకూ నేనొక్కదాన్నే అమెరికా వెళ్ళాను. రెండోసారి ఫిబ్రవరిలో వెళ్ళి ఆగస్టులో వచ్చాను. ఇల్లు, పిల్లలు, ఆదివారం గుడి, సామాన్ల షాపు, అంతే చూసింది. పెళ్ళయిన కొత్తలో నర్సరీ ఆఫీసు గదిలో ఎవరో తగిలించిన క్యాలెండర్‌లో హాలండ్ ట్యూలిప్ తోటల బొమ్మ ఉండేది. అప్పట్నుంచీ ఒక్కసారి అక్కడికి వెళ్ళాలని నా కోరిక. పసుపు కుంకుమ కింద మా నాన్నగారు రాసిచ్చిన కొబ్బరి తోట అంబాజీపేట దగ్గర ఉంది. దింపు దింపుకీ వచ్చిన దాంట్లో కొంత దాస్తే ఇప్పటికి మూడు లక్షలు దాటింది. మా ఊరి రిటైర్డు టీచరుగారు తోడు వస్తానన్నారు. ఇంట్లో చెబితే మా వారు, "పూల మధ్యే బతుకుతున్నావు, మళ్ళీ పూలు చూడ్డానికి మూడు లక్షలా? అమెరికా రెండుసార్లు చూసొచ్చావుగా" అన్నారు. ఒంటరి ఆడవాళ్ళు అంత దూరం ఎలా వెళ్తారని మా తోటికోడలు. అమ్మాయి వచ్చే మార్చిలో మళ్ళీ రమ్మంటోంది. ఏప్రిల్‌లో హాలండ్ వెళ్దామనుకుంటున్నానంటే, "నీకు మనవల కంటే పువ్వులు ఎక్కువయ్యాయా" అని ఫోన్ పెట్టేసింది. నిద్ర పట్టడం లేదు. నా కోరిక తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. ముందు ఆ టెన్షన్ వదిలెయ్యండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది "అమెరికా రెండుసార్లు చూసొచ్చావుగా" అన్న మాట. డాలస్‌లో వైట్ రాక్ చెరువు ఒడ్డున ఆర్బొరేటమ్ అనే పెద్ద పూలతోట ఉంది. ఏటా ఫిబ్రవరి చివర్లో మొదలై ఏప్రిల్ దాకా అక్కడ లక్షల దుంప మొక్కలు పూస్తాయి. వాటిలో ట్యూలిప్‌లే ఎక్కువ. మీరు ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా అదే ఊళ్ళో ఉన్నారు. ఇన్నేళ్ళుగా చూడాలనుకుంటున్న పువ్వు కారులో కాసేపు వెళ్తే కనబడేంత దగ్గర్లో పూసి రాలిపోయింది, ఆ సంగతే మీకు తెలియలేదు. బాలింతకు పత్యం, పసిబిడ్డకు నలుగు, పెద్దవాడికి ముద్దలు, రాత్రంతా జోలపాటలు. అదంతా మీరు ప్రేమతోనే చేశారు, ఏ తల్లైనా చేస్తుంది. కానీ దాన్ని అమెరికా చూడటం అనరు. అది కాన్పు చేసి రావడం. ఈ రెండింటికీ తేడా మీ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. బహుశా మీకూ తట్టకపోవడం వల్లే తప్పు చేస్తున్నట్టు కుమిలిపోతున్నారు.

ఇది చదివి అమ్మాయి మీద కోపం తెచ్చుకోకండి. పచ్చి బాలింత తల్లిని తోటలు తిప్పలేదని నిష్ఠూరమాడటం న్యాయం కాదు. ఆ పిల్ల ఉన్న పరిస్థితి అది.

ఇక "ఒంటరి ఆడవాళ్ళు" అన్న మాట. మీరు డాలస్ వెళ్ళేటప్పుడు మధ్యలో విమానం మారే ఉంటారు. అర్ధరాత్రి ఊరుకాని ఊళ్ళో బోర్డులు చూసుకుంటూ గేటు వెతుక్కుని, అవతల ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు ప్రశ్నలకు జవాబు చెప్పి బయటపడ్డారు. అప్పుడు మీరు ఒంటరి అన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పని మీద పంపేటప్పుడు ధైర్యస్థురాలు అనిపించిన మనిషి, ఇష్టంతో వెళ్తానంటే ఏమీ తెలియని ఆడది ఎలా అయిపోతుంది? మన గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది ఆడవాళ్ళు కువైట్, మస్కట్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసి డబ్బు పంపడం లేదు? అప్పు తీర్చడానికి, ఇల్లు కట్టడానికి ఆడది విమానం ఎక్కితే ఊరు మెచ్చుకుంటుంది. చూడాలనిపించి ఎక్కితే మాత్రం నోళ్ళు లేస్తాయి. ఇది నాకు ఏమాత్రం న్యాయంగా కనిపించదు. మీ తోటికోడలికి మీరు జవాబు చెప్పాల్సిన పనే లేదు.

డబ్బు గురించి ఒక మాట. పసుపు కుంకుమ కింద మీ పేర రాసిన తోట మీదే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం దాని మీద పూర్తి హక్కు మీది, దాని ఆదాయమూ మీదే. మీ మనసు నిబ్బరంగా ఉండటానికి చెబుతున్నాను. భోజనాల దగ్గర ఈ సెక్షన్ ఎత్తితే అసలు విషయం పక్కకు పోయి "నీది, నాది" అన్న గొడవ మొదలవుతుంది. దానికి బదులు మిమ్మల్ని మీరే రెండు ప్రశ్నలు వేసుకోండి: నర్సరీ మీద వడ్డీకి తెచ్చిన అప్పేమైనా ఉందా? అబ్బాయి పెళ్ళికి వేరే ఏర్పాటు ఉందా? అప్పు మెడ మీద ఉండి ఇంట్లో ఉన్న డబ్బంతా ఈ మూడు లక్షలే అయితే, ఒక ఏడాది ఆగమంటాను. ఆ ఇబ్బంది లేకపోతే ఆగడానికి కారణం లేదు.

ఇప్పుడు మీ వారి సంగతి. ఆయన్ని కాస్త నిదానంగా చూద్దాం. ఏప్రిల్ అంటే కడియంలో ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? షేడ్ నెట్ కింద మొక్కలు కూడా మధ్యాహ్నానికి తల వాల్చేస్తాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తడపాలి. మోటారు కాలిపోతే ఆ పూటకు గుండె ఆగినంత పని. అలాంటి నెలలో ఇంటి మనిషి పూలు చూడ్డానికి వెళ్తానంటే ఆయనకు ముందు కనబడేది పువ్వు కాదు, తడవని మొక్కలు. అదీగాక, మీ ఉత్తరాన్ని బట్టి ఆయన ఇప్పటిదాకా దేశం దాటినట్టు లేదు. మీకేం చూడాలనుంది అని ఆయన్ని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? మీరు అడగండి. వాదన గెలవడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికే. ఆయన కసురుకున్నా, నవ్వేసినా, రెండు రోజుల తర్వాత మళ్ళీ అడగండి.

అడిగేటప్పుడు హాలండ్ గురించి ట్యూలిప్ కాకుండా ఇంకో రెండు సంగతులు చెప్పండి. బోస్కోప్ అని అక్కడ ఒక ఊరుంది. వందల ఏళ్ళుగా నర్సరీలే ఆ ఊరి బతుకు. కాలవల మధ్య సన్నగా, పొడవుగా సాగిన మడులు, వాటి నిండా మొక్కలు. ఒకప్పుడు ఆ మొక్కలను పడవల మీదే మడి నుంచి ఒడ్డుకు చేర్చేవారు. రెండోది ఆల్స్‌మీర్ పూల మార్కెట్. ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయానికి దగ్గర్లోనే ఉంటుంది, పూల వేలంలో ప్రపంచంలోకెల్లా పెద్దది. మన దగ్గర వేలం కింద నుంచి పైకి పాడతారు కదా, అక్కడ ధర పైనుంచి దిగుతూ వస్తుంది. ముందు ఎవరు మీట నొక్కితే సరుకు వాళ్ళది. కాస్త ఆగితే ఇంకా తగ్గుతుందని ఆశ, ఆగితే చేజారిపోతుందని భయం. పొద్దున్నే వెళ్తే పైన కట్టిన నడవ మీద నడుస్తూ కింద పూల బండ్లు కదలడం చూడొచ్చు. తెల్లారకుండానే లేచి లారీలకు మొక్కలు ఎక్కించే మనిషి ఈ సంగతి విని ఊరుకోలేరని నా నమ్మకం. అబ్బాయి ఎదిగొచ్చాడు కాబట్టి ఎనిమిది, పది రోజులు నర్సరీ వాడి మీద వదలొచ్చు.

అంత దూరమా అంటే, ఆ హాలండ్ వాళ్ళు, అదే డచ్చివాళ్ళు, పదిహేడో శతాబ్దంలోనే బట్టల వ్యాపారానికి మన పాలకొల్లు దాకా వచ్చి స్థావరం పెట్టుకున్నారని చెప్పండి. వాళ్ళ సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి.

అయినా ఆయన రానంటే వదిలెయ్యండి, బలవంతం వద్దు. టీచరుగారితో మీరు వెళ్ళండి. కానీ అలిగి, అన్నం మానేసి, టికెట్టు కొనేశాక చూపించి మాత్రం వెళ్ళకండి. ఏ తేదీన వెళ్తున్నారు, ఎంత ఖర్చు, ఏ హోటలు, మీరు లేనన్ని రోజులూ వంట ఎవరు చూస్తారు, కూలీలకు డబ్బు ఎవరు ఇస్తారు, అన్నీ కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. మాటలకు లొంగని మగవాళ్ళు చాలామంది ఇలాంటి కాగితానికి కాస్త మెత్తబడతారు.

అమ్మాయి అన్న మాటకు జవాబు వెతుక్కోకండి. మనవలు ఎక్కువా, పువ్వులు ఎక్కువా అన్నది ఆ పిల్ల అలసటలో నోరు జారిన మాట. ఇద్దరు చిన్నపిల్లలు, ఉద్యోగం, పొద్దున లేస్తే డేకేర్ ఖర్చు. అక్కడ దాని తిప్పలు దానికున్నాయి. మీరు ఫోన్ చేసి, "మార్చిలో కాదమ్మా, జూన్‌లో వస్తాను" అనండి. పెద్దవాడు స్కూలుకు వెళ్తుంటే ఇంకా మంచిది. టెక్సస్‌లో వేసవి సెలవులు మే చివర్లో మొదలై ఆగస్టు మధ్య దాకా ఉంటాయి, అసలు సాయం కావాల్సింది అప్పుడే. ఇంకొకటి కూడా చెప్పండి: ఈసారి వచ్చినప్పుడు అల్లుడుగారు ఒక నాలుగు రోజులు సెలవు పెట్టాలి, అందరం కలిసి ఎక్కడికైనా వెళ్ళాలి. ఇది అడగడానికి మొహమాటపడకండి. పిల్లలకు మనం చెప్పకపోతే మనకు ఏమీ అక్కర్లేదనే అనుకుంటారు.

మార్చిలో అమెరికా వెళ్తూ దారిలో హాలండ్‌లో నాలుగు రోజులు దిగొచ్చు కదా అని ఎవరైనా సలహా ఇవ్వొచ్చు. టికెట్టు లెక్కలో అది లాభమే. కానీ నాకు నచ్చలేదు. మార్చిలో అక్కడి ట్యూలిప్ తోట అప్పుడప్పుడే మొదలవుతుంది, ఆ ఏడాది చలిని బట్టి మొగ్గలే కనబడొచ్చు. పైగా బయలుదేరే ముందు వారం మనవడికి జ్వరం వస్తే రద్దయ్యేది మీ నాలుగు రోజులే. మళ్ళీ అందరి పనులూ అయ్యాక మిగిలిన దాంట్లో మీ కోరిక సర్దుకోవాల్సి వస్తుంది. ఇన్నేళ్ళు దాచుకున్న దాన్ని అలా చేయకండి.

వెళ్ళడం ఖాయమైతే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. ట్యూలిప్ దుంప అక్కడ శీతాకాలం మొదలవక ముందే భూమిలోకి వెళ్ళి, నెలల తరబడి చలి తిన్నాకే పూస్తుంది. మన ఎండల్లో ఇది కుదరదని మీకు తెలిసే ఉంటుంది. లిస్సే అనే ఊళ్ళో ఉన్న కోకెన్‌హోఫ్ తోటలో ఏటా సుమారు 70 లక్షల దుంపలు నాటుతారు. ఆ తోట ఏడాదిలో ఎనిమిది వారాలే తెరుస్తారు, మార్చి మూడో వారం నుంచి మే రెండో వారం దాకా. మన దగ్గర యూరప్ టూర్లు ఎక్కువగా పిల్లల సెలవులు చూసుకుని మే, జూన్‌లలో వేస్తారు. ప్యాకేజీ పేరులో హాలండ్ ఉందని డబ్బు కట్టేస్తే, మీరు వెళ్ళేసరికి తోట మూసేసి ఉండొచ్చు. ఏప్రిల్ మధ్యలో అక్కడ ఉండేలా తేదీలు అడిగి, తోటలో ఎన్ని గంటలు ఉంచుతారో కూడా రాయించుకోండి. పది రోజుల్లో ఐదు దేశాలు తిప్పే టూరు మీకు వద్దు. ఏప్రిల్ 27న వాళ్ళకు రాజుగారి పుట్టినరోజు పండుగ. ఆమ్‌స్టర్‌డామ్ కిక్కిరిసిపోతుంది, హోటళ్ళ ధరలు మండిపోతాయి. దానికి ముందే వచ్చేయండి.

హాలండ్‌తో పాటు యూరప్‌లో చాలా దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసా మీకు కావాలి. దానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. వేలిముద్రలు ఇవ్వడానికి స్వయంగా వెళ్ళాలి, హైదరాబాద్‌లో కేంద్రం ఉంది. కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా ఉండాలి. మీ డబ్బు చీటీలోనో బీరువాలోనో ఉంటే ఇప్పుడే మీ పేరున్న బ్యాంకు ఖాతాలో వేసెయ్యండి. దరఖాస్తుకు ముందు వారం ఒకేసారి మూడు లక్షలు జమ అయితే అనుమానంగా చూస్తారు. అమెరికా వెళ్ళి గడువులోగా తిరిగొచ్చిన ముద్రలు మీ పాస్‌పోర్టులో ఉండటం కలిసొచ్చేదే.

ఏప్రిల్‌లో అక్కడ చలి, గాలి, మధ్యమధ్యలో వాన. చీర మీదకు మంచి కోటు, కాళ్ళకు బూట్లు తప్పవు. పాలతో, నెయ్యితో చేసినవి యూరప్‌లోకి తీసుకెళ్ళనివ్వరు కాబట్టి పూతరేకులు, పాలకోవా వద్దు. కరివేపాకు రెబ్బ కూడా వద్దు. కొబ్బరికాయ, అరటిపండు మాత్రం కాగితాలు లేకుండా అనుమతించే నాలుగైదు పళ్ళలో ఉన్నాయి, మన కోనసీమ పంటలే! తిరుగు ప్రయాణంలో మీ చేయి తప్పకుండా దుంపల పొట్లాల మీదికి వెళ్తుంది. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, మన ప్రభుత్వ దిగుమతి అనుమతి లేకుండా వాటిని ఇండియాలోకి తేకూడదు. చూసి, ఫొటో తీసుకుని అక్కడే పెట్టెయ్యండి.

ముందుగా మాట్లాడాల్సింది మీ వారితో, తర్వాత అమ్మాయితో, ఆ తర్వాతే ట్రావెల్స్ వాళ్ళతో. ఈ వరస తప్పనివ్వకండి. భార్య హాలండ్ వెళ్తోందని ఆయనకు డాలస్ నుంచి తెలియడం, లేదా టీచరుగారి ద్వారా తెలియడం మంచిది కాదు. ఈ ఆదివారం లోడింగ్ అయిపోయాక, అబ్బాయిని కూడా కూర్చోబెట్టుకుని మొదలుపెట్టండి.