రోడ్డు పెరిగి, ఇల్లు దిగి: వీధి పునర్నిర్మాణంలో ఇంటి యజమాని హక్కులు

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో పాత కాలనీ. 1978లో మా నాన్నగారు 240 గజాల స్థలం కొని ఇల్లు కట్టారు. వీధి వైపు ముఖం 36 అడుగులు, లోతు 60. అప్పట్లో గేటు దగ్గర నుంచి వసారాలోకి మూడు మెట్లు ఎక్కేవాళ్లం. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో ఇప్పుడు గేటు తీసి ఒక మెట్టు దిగుతున్నాం. వానాకాలంలో నీళ్లు వాకిట్లోకి వస్తున్నాయి. ఇప్పుడు మా వీధులన్నీ తవ్వి మురుగు పైపులు మార్చి, వరద కాలువ, సీసీ రోడ్డు, ఫుట్‌పాత్ వేస్తారట. మనుషులు వచ్చి కొలిచి, నా ప్రహరీ మీద ఎర్ర రంగుతో గీత గీసి ‘3 అడుగులు’ అని రాసి వెళ్లారు. నోటీసు ఏమీ లేదు. ర్యాంపులన్నీ తీసేస్తారని అంటున్నారు. అంగీకార పత్రం మీద సంతకానికి సోమవారం వస్తామన్నారు. కోర్టుకు వెళ్లి పనులు ఆపించవచ్చా? గోడకు పరిహారం వస్తుందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ మనసంతా గోడ మీద ఉంది. నాకు మాత్రం ఆ మెట్ల సంగతే ఎక్కువ భయంగా ఉంది. గోడ పోతే మూడు అడుగులు లోపలికి జరిపి కట్టుకోవచ్చు. సీసీ రోడ్డు ఒకసారి ఎత్తుగా పడిందంటే దాన్ని పగలగొట్టి దించమని ఏ కోర్టూ అంత సులువుగా చెప్పదు. కాబట్టి మీరు అడగాల్సింది రోడ్డు ఆపమని కాదు. ఎంత ఎత్తున వేస్తారో కాంక్రీటు పోయకముందే కాగితం మీద పెట్టమని.

ఆపించడం గురించి ముందు చెప్పేస్తాను. సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే పని ఆపమనే ఉత్తర్వు, తెచ్చుకుంటే సరిపోతుందని కాలనీలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని సవరించాక ఆ దారి బాగా ఇరుకైపోయింది. మౌలిక వసతుల ప్రాజెక్టుకు ఆటంకం కలిగించే, ఆలస్యం చేసే ఇంజంక్షన్ ఇవ్వకూడదని 20ఎ, 41(హెచ్‌ఎ) సెక్షన్లు చెబుతున్నాయి. ఆ చట్టం షెడ్యూలులో రోడ్లు, మురుగునీటి వ్యవస్థ, వరదనీటి కాలువలు మూడూ ఉన్నాయి. అంటే మీ వీధిలో జరగబోయే పనులన్నీ! కాలనీ సందును ‘ప్రాజెక్టు’ అనవచ్చా అని వాదించే లాయర్లు ఉంటారు. వాదించనివ్వండి. ఆ వాదన తేలేలోగా మీ వీధి తవ్వేసి ఉంటుంది. పైగా ఆ పైపులు మారాల్సినవే. ఆపిస్తే నష్టపోయేది కూడా మీరే.

ఇక గీత సంగతి. గోడ మీద రంగు నోటీసు కాదు. అది కొలతగాడి గుర్తు మాత్రమే. ఈ విషయంలో మీకు బాగా అక్కరకొచ్చే తీర్పు 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఇచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని మహరాజ్‌గంజ్‌లో 2019లో రోడ్డు విస్తరణ పేరుతో ఒకరి ఇల్లు కూల్చేశారు. సరైన నోటీసు లేదు. కోర్టు 25 లక్షల రూపాయల పరిహారం చెల్లించమని ఆదేశించి, అక్కడితో ఆగకుండా రోడ్డు వెడల్పు చేసే అధికారులు ఏ వరసలో నడవాలో రాసింది. రికార్డుల ప్రకారం రోడ్డు అసలు వెడల్పు ఎంతో ముందు తేల్చాలి. సర్వే చేసి ఆక్రమణ ఉందో లేదో చూడాలి. ఉందనుకుంటే రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం చెబితే విని, కారణాలతో ఉత్తర్వు రాయాలి. ఉన్న వెడల్పు చాలదని ప్రైవేటు స్థలం కావాలంటే చట్టప్రకారం సేకరించాలి. ఈ తీర్పు ప్రతి ఒకటి ప్రింటు తీసి, అధికారులకు ఇచ్చే అర్జీ వెనక జత చేయండి. దాన్ని కాదనడం ఏ ఇంజనీరుకైనా కష్టం.

ఇప్పుడు మీ వైపు చూద్దాం. ఆ మూడు అడుగులు నిజంగా మీవేనా? ఈ ప్రశ్న అడిగితే మా ఆఫీసుకు వచ్చేవారిలో చాలామంది ముఖం మాడ్చుకుంటారు. నాన్నగారి దస్తావేజు తీసి చివరి పేజీల్లో షెడ్యూలు చూడండి. హద్దుల దగ్గర ‘తూర్పు: 30 అడుగుల రోడ్డు’ అన్నట్టు ఒక ముక్క ఉంటుంది. ముందు టేపుతో మీ ప్రహరీ నుంచి ఎదురింటి ప్రహరీ దాకా కొలవండి. తర్వాత వెనక హద్దు నుంచి ముందు గోడ బయటి అంచు దాకా కొలవండి. సరిగ్గా 60 అడుగులు వచ్చి, వీధి వెడల్పు కూడా దస్తావేజులో రాసినంత ఉంటే, ఎర్రగీత మీ స్థలంలోనే పడింది. 63 వచ్చి, వీధి 27 అడుగులే తేలితే, గోడ రోడ్డులో ఉందన్నమాట. పాత కాలనీల్లో రెండోదే ఎక్కువ. 1980లలో ఎవరో ఒకరు గోడ ముందుకు జరిపితే, వరస కలవాలని పక్కవాళ్లూ జరిపారు. కట్టింది మీ నాన్నగారే కావచ్చు, ఆయన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు.

గోడ రోడ్డులో ఉంటే పరిహారం మీద ఆశ వదిలేయండి. నలభై ఏళ్లుగా అక్కడే ఉంది కదా అన్న వాదన కూడా నమ్ముకోకండి. ప్రజల దారి మీద ప్రతికూల స్వాధీనం, అంటే ఏళ్ల తరబడి అనుభవంలో ఉంది కాబట్టి మాదే అన్న వాదనను కోర్టులు ఇష్టపడవు. గోడ మీ స్థలంలో ఉంటే మాత్రం లెక్క వేరు. 3 అడుగులను 36తో గుణిస్తే 108 చదరపు అడుగులు, అంటే 12 గజాలు. నగరంలో 12 గజాలు చిన్న మొత్తం కాదు. 2013 భూసేకరణ చట్టం కింద సేకరిస్తే పట్టణ ప్రాంతంలో మార్కెట్ విలువ, దాని మీద నూరు శాతం సొలేషియం, అంటే బలవంతంగా తీసుకున్నందుకు అదనపు మొత్తం, ఇవ్వాలి. గోడ, గేటు, చెట్ల విలువను కూడా లెక్కలోకి తీసుకోవాలి. డబ్బుకు బదులు టీడీఆర్ ఇస్తామంటారు, అంటే బదిలీ చేసుకోదగ్గ నిర్మాణ హక్కు. పెద్ద బిల్డర్లకు అది బంగారం. 240 గజాల ఇంటివాడు 12 గజాల హక్కును ఎవరికి ఎంతకు అమ్ముకుంటాడో ముందు విచారించుకుని ఒప్పుకోవాలి. ఒప్పుకోవడం మీ ఇష్టం.

అందుకే సోమవారం ఆ అంగీకార పత్రం మీద సంతకం పెట్టకండి. ‘చదువుకుని, మా లాయరుకు చూపించి జవాబు ఇస్తాను’ అని చెప్పి ఒక ప్రతి తీసుకోండి. అలాంటి పత్రాల్లో ‘ఉచితంగా’ అనే ఒక్క మాట ఎక్కడో నక్కి ఉంటుంది. అలాగని వచ్చినవాళ్లతో గొడవ పడకండి, వాళ్లు పై నుంచి వచ్చిన పని చేస్తున్నారు. నోటిమాటగా ఒప్పుకున్నారనే సాకు కూడా చెల్లదు. హిమాచల్‌ప్రదేశ్‌లో ఒక వృద్ధురాలి భూమిలో 1967-68లో రోడ్డు వేసి, ఆమె నోటితో ఒప్పుకుందని ప్రభుత్వం దశాబ్దాల తర్వాత వాదించింది. 2020లో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసి పరిహారం ఇప్పించింది. ఆస్తి తీసుకోవాలంటే నోటీసు, వినడం, కారణాలతో ఉత్తర్వు, న్యాయమైన పరిహారం వంటివన్నీ ఆస్తి హక్కు గురించి చెప్పే రాజ్యాంగం 300ఎ అధికరణలో భాగమేనని 2024 మేలో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో మళ్లీ చెప్పింది.

ర్యాంపుల దగ్గర మాత్రం మిమ్మల్ని సంతోషపెట్టలేను. ఇళ్ల కూల్చివేతల మీద 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన బుల్డోజర్ల తీర్పు ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి కదా అని కాలనీల్లో గట్టిగా ప్రచారం ఉంది. తీర్పు చివరిదాకా చదివినవారు తక్కువ. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్ వంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ నిర్మాణాలకు ఆ ఆదేశాలు వర్తించవని అందులోనే ఉంది. రోడ్డులోకి చొచ్చుకొచ్చిన ర్యాంపు, మెట్టు, బట్టలుతికే బండ పోతాయి. ర్యాంపు గేటు లోపలికి ఉండాలి. మీ కాలనీ సమావేశంలో ఎవరు ఎక్కువ అరుస్తారో గమనించండి, వారి ర్యాంపే అందరికన్నా పొడుగ్గా ఉంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను, ఎత్తు.

కొన్నేళ్ల కిందట ఇలాంటి సమస్యతోనే ఒకరు వచ్చారు. రోడ్డు పడిపోయాక వచ్చారు. రోడ్డు అడుగు పెరిగిందని ఆయన, పెరగలేదని అవతలి పక్షం. పాత ఎత్తు ఎంతో చెప్పే కాగితం ఆయన దగ్గర ఒక్కటీ లేదు. పెళ్లి ఫొటోలు తెచ్చారు, వెనకాల గేటు మసకగా కనిపిస్తోంది. ఆ కేసు ఏమైందో మీకు చెప్పనక్కర్లేదు.

మీరు ముందే ఉన్నారు కాబట్టి ఇలా చేయండి. నమ్మకమైన మేస్త్రీని పిలవండి. ఖరీదైన పరికరం అక్కర్లేదు. నీళ్లు నింపిన సన్నటి పారదర్శక గొట్టం చాలు. మీ హాలు గడప ఎత్తును గొట్టంతో గేటు స్తంభం మీదికి తెచ్చి, ఉలితో చిన్న గాటు పెట్టించండి. రంగు వద్దు, చెరిగిపోతుంది. ఆ గాటు నుంచి ఇప్పుడున్న రోడ్డు నడిమధ్యకు, మురుగు మ్యాన్‌హోల్ మూతకు ఎన్ని అంగుళాల తేడా ఉందో కొలిపించి రాసుకోండి. టేపు కనిపించేలా ఫొటోలు తీయండి. ఫొటోలు తీసిన ఫోను మార్చేయకుండా ఉంచుకోండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, ఫోను చేతిలో ఉంటే ఆ పని సులువవుతుంది. వీధిలో కనీసం ఐదారు ఇళ్లకు ఇలాగే చేయించండి. ఒక్క ఇల్లు మునిగితే ఫిర్యాదు అంటారు, ఆరు ఇళ్లు మునుగుతాయంటే సమస్య అంటారు.

ఆ కొలతలతో వార్డు, సర్కిల్ కార్యాలయాల్లో అందరూ సంతకాలు చేసిన అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అందులో రెండే కోర్కెలు పెట్టండి. కొత్త రోడ్డు పైభాగం ఇప్పటి రోడ్డుకన్నా ఎత్తుగా ఉండకూడదు, అందుకు పాత పొరలు తీసేయాలి. ప్రతి ఇంటి మురుగు పైపు కలిసే చోటు కొత్త మ్యాన్‌హోల్ అడుగుకన్నా పైన ఉండాలి. రెండోది మరిస్తే వాన కాదు, మురుగే స్నానాలగదిలోకి ఎదురొస్తుంది. రోడ్డు గీకి వేయడం కొత్త కోరికేమీ కాదు. 2021 మేలో తమిళనాడు ప్రధాన కార్యదర్శి పాత పొరను గీకాకే కొత్తది వేయాలని, రోడ్ల ఎత్తు పెరగకూడదని ఆదేశించారు. మన దగ్గర అది కట్టుబాటు కాకపోయినా, మరో రాష్ట్రంలో చేయగలిగింది ఇక్కడ ఎందుకు చేయలేరని అడగడానికి పనికొస్తుంది.

అదే రోజు సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు వేయండి. పని అంచనా పత్రం, ఇప్పటి ఎత్తులు, వేయబోయే ఎత్తులు చూపించే పటం, లేఅవుట్ ప్రకారం మీ వీధి వెడల్పు, గుత్తేదారు ఎన్నాళ్లపాటు లోపాలు సరిచేయాలన్న ఒప్పందం అడగండి. జవాబుకు 30 రోజుల గడువుంది, అందాకా ఊరుకోనక్కర్లేదు. ఆ చట్టంలో 2(జె) కింద పనిని తనిఖీ చేసే హక్కు, సామగ్రి నమూనాలు ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. కాగితాలు చూసుకుంటామని దరఖాస్తులోనే రాయండి.

ఇంత చేసినా ఎవరూ పట్టించుకోకపోతే? ముందు శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్లమంటాను. న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టంలో ప్రజోపయోగ సేవల జాబితాలో పారిశుద్ధ్య వ్యవస్థ ఉంది. కోర్టు ఫీజు లేదు. వివాదం విలువ కోటి రూపాయల లోపు ఉండాలి. రాజీ కుదరకపోతే వాళ్లే తీర్పు ఇవ్వగలరు, అది సివిల్ డిక్రీతో సమానం. ఒక్కటి గుర్తుంచుకోండి, కోర్టులో కేసు వేశాక అక్కడికి వెళ్లలేరు. నోటీసు లేకుండా గోడ మీదికి యంత్రం వచ్చే పరిస్థితి ఉంటే మాత్రం నేరుగా హైకోర్టులో రిట్ వేయాలి. అక్కడ రోడ్డు ఆపమని అడగవద్దు. నోటీసు ఇచ్చి, విని, ఆ తర్వాతే ముట్టుకొమ్మని అడగండి. ఇలా అడిగినవారికి ఉత్తర్వు దొరికే అవకాశం బాగా ఎక్కువ.

నిధులు లేవు, ఇంతకన్నా చేయలేం అని ఎవరైనా అంటే రత్లాం పేరు చెప్పండి. మధ్యప్రదేశ్‌లోని ఆ ఊళ్లో ఒక వార్డు జనం మురుగు భరించలేక మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లారు. కాలువ కట్టమని ఆయన ఆదేశిస్తే, మున్సిపాలిటీ డబ్బు లేదంటూ సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ డబ్బు లేదన్న మాట చట్టబద్ధమైన బాధ్యతకు మినహాయింపు కాదని తేల్చారు. అప్పుడు వాడింది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ అయింది. మురుగు మీ వీధిలో నిలిచే రోజు వస్తే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు దగ్గర ఆ తలుపు కూడా తెరిచే ఉంది.

సోమవారం సంతకానికి వస్తామన్నారు కదా. ఆదివారం ఉదయమే మేస్త్రీని పిలిపించండి. గేటు స్తంభం మీద గాటు పడ్డాక దస్తావేజు నకలు, కొలతల కాగితం పట్టుకుని రండి, అర్జీ రాసిపెడతాను.