ఫ్రీమాంట్‌లో జీవీఎంసీ ఏది?

సెలవుకి విశాఖ వచ్చాను. ఎంవీపీ కాలనీలో మా పక్కింటి అమ్మాయి, భర్తతో కలిసి వచ్చే నెల కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కి బయల్దేరుతోంది. "అక్కడ జీవీఎంసీ లాంటిది ఏదంకుల్? నీళ్లు, డ్రైనేజీ అన్నీ వాళ్లేనా?" అని అడిగింది. జీవీఎంసీ అంటే మన విశాఖ మహానగర పాలక సంస్థ. చాలామందికి ఉపయోగపడే ప్రశ్న.

కాదమ్మా. ఎందుకంటే అక్కడ ముందు నీళ్లొచ్చాయి, ఆ తర్వాతే నగరం వచ్చింది.

ఫ్రీమాంట్ నగరంగా ఏర్పడింది 1956 జనవరి 23న. అంటే 2026కి 70 ఏళ్లు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక తోటలు, పొలాలు ఇళ్ల స్థలాలుగా మారిపోతున్న రోజులవి. తమ నేల మీద పెత్తనం తమకే ఉండాలని సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే ఐదు ఊళ్లు ఒక్కటయ్యాయి. 2005లో గ్రేటర్ విశాఖలో కలిసిన గాజువాకవాళ్లకి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఇప్పటికీ మనం గాజువాక అన్నట్టే, వాళ్లూ నైల్స్ అనే అంటారు.

నీటి సంస్థ అలమేడా కౌంటీ వాటర్ డిస్ట్రిక్ట్ పుట్టింది 1914లో. మురుగునీరు చూసే యూనియన్ శానిటరీ డిస్ట్రిక్ట్ 1918 నాటిది. నగరం వచ్చినా అవి వేటికవే ఉండిపోయాయి. అందుకే రోడ్డు మీద నీటి పైపు పగిలితే వాటర్ డిస్ట్రిక్ట్‌కీ, మురుగు పొంగితే శానిటరీ వాళ్లకీ, రోడ్డు గుంతలకైతే సిటీకీ ఫోన్ చేయాలి. ఇల్లు కొన్నాక మురుగు చార్జీ ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులోనే కనబడుతుంది, టెన్షన్ పడకండి. లైబ్రరీ మాత్రం కౌంటీది (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). చేరగానే కార్డు తీసుకోండి.

ఊరి వార్షికోత్సవమని ఏదైనా జరిగితే తప్పకుండా వెళ్లండి. మనది కాదులే అనుకోవద్దు. వీసా మీద ఉన్నవాళ్లకి ఓటు లేకపోవచ్చు గానీ, సిటీ కౌన్సిల్ మీటింగ్‌లో లేచి మాట్లాడే హక్కు ఉంది. మన వీధి సంగతి మనం చెప్పకపోతే ఎవరు చెబుతారు? మనవాళ్లు అక్కడ ఇంకా ఎక్కువగా కనబడాలని నా కోరిక.

ఇల్లు వెతికేటప్పుడు ఇంకొకటి చూసుకోండి. ఆ ఐదింటితో కలవనని 1955లోనే విడిగా నగరమైపోయింది నూఆర్క్. చుట్టూ ఫ్రీమాంటే, కానీ దాని కౌన్సిల్ వేరు, పోలీసులు వేరు. అద్దె అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేముందు ఇల్లు ఏ సిటీ కిందికి వస్తుందో అడగండి.